నవ్వుల ఆదివారాల క్యాలెండర్ 2027: తరచుగా అడిగే ప్రశ్నలు

సంఘం నోటీసు బోర్డు మీద ఈ క్యాలెండర్ అతికించిన దగ్గర్నుంచి, ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆపి అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. ఒడిశా సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడి వాళ్ళే కాదు, కాశీనగర్, గుణుపురం, రాయగడ నుంచి అడుగుతున్నారు. అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం, టెక్కలి చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా రాసి పెట్టేస్తే నయం అనుకున్నాం. ప్రశ్నలు వచ్చిన వరసలోనే ఉన్నాయి.

ఏటిది, కొత్త పండుగలు పెట్టీసారా?

లేదండి. ఆరాధన ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు, అంటే పదికి, మొదలవుతుంది. పాటలు, వాక్యం, ప్రసంగం, కానుక, నెలకోసారి ప్రభువు బల్ల, దేన్నీ ముట్టుకోలేదు. ఏడాదిలో కొన్ని ఆదివారాలకు సరదాగా ఒక పేరు పెట్టుకుని, ఆ పేరుకు తగ్గ చిన్న పని ఒకటి చేస్తాం. అంతే. పేర్లు దాదాపు మేం కల్పించినవే. మనుషుల్ని బైబిల్లోంచి తెచ్చుకున్నాం గానీ, ఈ పండుగ బైబిల్లో ఉందని ఎక్కడా చెప్పలేదు.

సంఘ క్యాలెండర్‌తో ఆటలేంటి? తప్పు కాదా?

ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా పెద్దవాళ్ళు. అందుకే దీనికి కాస్త నిదానంగా జవాబు చెప్పాలి.

పాత సంఘాల క్యాలెండర్ తిరగేస్తే మన క్యాలెండరే చప్పగా కనిపిస్తుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు సాగే ఆగమన కాలం ఉంది కదా, దానికి ముందు వచ్చే ఆదివారం ఆంగ్లికన్ల ప్రార్థన ఒకటి ఉంది. 1549 నుంచీ చదువుతున్నదే. ‘ప్రభువా, నీ ప్రజల మనసులను కదిలించు’ అని మొదలవుతుంది. ఇంగ్లండు ఇల్లాళ్ళకు ఆ ‘కదిలించు’ చెవిన పడగానే క్రిస్మస్ పుడ్డింగు గుర్తొచ్చేది. గుడి నుంచి ఇంటికెళ్ళి గిన్నెలో గరిటె పెట్టి తిప్పడం మొదలుపెట్టేవారు. ఆ ఆదివారానికి గరిటె తిప్పే ఆదివారమనే పేరు స్థిరపడిపోయింది. ఏ బిషపూ దాన్ని రద్దు చేయలేదు.

ఆగమన కాలంలో మూడో ఆదివారం, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో నాలుగో ఆదివారం ఊదా రంగు తీసేసి గులాబీ రంగు వేసుకునే ఆచారం ఉంది. కొన్ని వారాలు ముఖం ముడుచుకుని కూర్చున్నాం, ఒక్కరోజు ఊపిరి తీసుకుందాం అని. శ్రమల దినాల ఆ నాలుగో ఆదివారం అయిదు వేల మందికి రొట్టెలు పంచిన వాక్యం చదివేవారు కాబట్టి దాన్ని సేద తీరే ఆదివారం అన్నారు. ఇంగ్లండులో ఇళ్ళల్లో పనిచేసే పిల్లలు ఆ రోజే సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వెళ్ళేవారు. ఈస్టర్ మరుసటి వారానికి తక్కువ ఆదివారం అని పేరు. ఆ రోజు మన గుడిలో ఖాళీ కుర్చీలు చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో పండితుల్ని అడగాల్సిన పని ఉండదు.

ఇక నవ్వు మాట. మధ్యయుగాల చివర్లో జర్మన్ దేశాల్లో, ముఖ్యంగా బవేరియాలో, ఈస్టర్ ప్రసంగంలో పాదిరిగారు జోకులు చెప్పి జనాన్ని నవ్వించాలి. ఈస్టర్ నవ్వు అనేవారు. మరణం ఓడిపోయిన రోజు కదా, నవ్వకపోతే ఎలా అని. 1518లో ఎకొలంపాడియస్ అనే ఆయన దాన్ని దుయ్యబడుతూ లేఖ అచ్చువేయించాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ జోకులు రానురాను పిల్లల ముందు చెప్పలేని చోటికి పోయాయి. అందుకే మేం నవ్వును ప్రసంగ వేదిక మీదికి ఎక్కించలేదు, గుమ్మం దగ్గరే కూర్చోబెట్టాం.

మేం బాప్తిస్టులం. మాకు క్యాలెండరే లేదు కదా?

క్రిస్మస్ ఉంది, ఈస్టర్ ఉంది, మట్టల ఆదివారం ఉంది, కోత పండుగ ఉంది, యువజన ఆదివారం ఉంది, స్త్రీల ఆదివారం ఉంది, పాత సంవత్సరం ఆఖరి రాత్రి ప్రార్థన ఉంది. ఇంకా క్యాలెండర్ లేదంటారా?

మన ప్రాంతం ఈ విషయంలో ముందునుంచీ కలగలుపే. 1874లో కాకినాడలో మొదలైన కెనడా బాప్తిస్టుల పని బొబ్బిలి, టెక్కలి, పర్లాకిమిడి దాకా వచ్చింది. కొండల పైనుంచి, కోరాపుట్టు, జయపురం వైపు, జర్మనీలోని బ్రెక్లుం నుంచి బయల్దేరిన లూథరన్లు 1882 నుంచీ పనిచేశారు. ఆ సంఘాలే 1928లో జయపురం లూథరన్ సంఘంగా ఒక్కటయ్యాయి. కాబట్టి రాయగడ కోడలు పర్లాకిమిడి వస్తే, ఏ ఆదివారం బల్ల మీద ఏ రంగు గుడ్డ వేయాలో ఆమెకు తెలుసు, అత్తగారికి తెలియదు. అత్తగారికి దశమభాగం లెక్క తెలుసు. ఇద్దరికీ కలిపి ఒక క్యాలెండర్ కావాలి. మాది అది కాదులెండి, కానీ ఇద్దరూ కలిసి నవ్వడానికి పనికొస్తుంది.

ఐతుకు ఆదివారం అంటే నిజంగా నిద్రపోవచ్చా?

పోవచ్చు.

అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం చూడండి. త్రోయలో మేడగదిలో పౌలు ప్రసంగం. అర్ధరాత్రి దాకా సాగింది. ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రలోకి జారి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. చచ్చిపోయాడనుకున్నారు. పౌలు దిగొచ్చి కౌగిలించుకుని, ప్రాణం ఉంది, కంగారు పడకండి అన్నాడు. మళ్ళీ పైకెళ్ళి రొట్టె విరిచి తిని, తెల్లారేదాకా మాట్లాడాడు. ఈ కథలో మాకు ముచ్చటైన సంగతి ఒకటుంది. ఎవరూ ఐతుకుని తిట్టలేదు. పౌలు కూడా తన ప్రసంగాన్ని కుదించుకోలేదు. ఇద్దరూ తమతమ ధోరణిలోనే ఉన్నారు.

మే ఆఖరి ఆదివారం ఐతుకుది. 2027లో అది మే 30. పెంతెకొస్తు ఆ రోజునే పడితే ఐతుకు పక్కకు తప్పుకుంటాడు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజున నిద్రపోతే బాగోదు. మే నెలలో మన వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పదకొండు దాటేసరికి రేకుల కప్పు కింద ఫ్యాను వేడిగాలే విసురుతుంది. ఇంటి దగ్గర పఖాళ తాగి వచ్చినవాళ్ళ సంగతి మరీ చెప్పక్కర్లేదు. పులిసిన చద్దన్నం, పెరుగు, పచ్చిమిరపకాయ, ఆ పైన ఒక గంట ప్రసంగం. దానికి ఏ భక్తుడూ నిలబడలేడు.

ఆ రోజు నియమాలు ఇవీ: కునుకు తీసేవాళ్ళని మోచేత్తో పొడవకూడదు. గురక వస్తే మాత్రం పొడవచ్చు. కిటికీల్లో ఎవర్నీ కూర్చోనివ్వం. తలగడలు తేవద్దు, అంత ఏర్పాటుగా నిద్రపోవడం కాదు మన ఉద్దేశం. ప్రసంగం అయ్యాక, నిద్రపోనివాళ్ళు పక్కనున్న నిద్రపోయినవాళ్ళకి మూడు ముక్కల్లో సారాంశం చెప్పాలి. ఇది పెట్టాక బయటపడింది ఏంటంటే, మెలకువగా ఉన్నవాళ్ళు కూడా చాలామంది చెప్పలేకపోతున్నారు.

పాస్టరయ్యగారు నొచ్చుకుంటారేమోనని అందరూ భయపడ్డారు. ఆయన ఒక్క షరతు పెట్టారు: సంఘ పెద్దలు మిగతా ఆదివారాలన్నీ మేలుకుని ఉండాలని.

తోమా ఆదివారం ఎవర్ని ఉద్దేశించి పెట్టారు?

ఎవర్నీ కాదు. కోశాధికారిగారు దయచేసి మళ్ళీ అడగొద్దు.

ఈస్టర్ తర్వాతి ఆదివారాన్ని తూర్పు సంఘాలు ఎప్పట్నుంచో తోమా పేరుతోనే పిలుస్తున్నాయి. యేసు గాయాలు చూసి, వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న తోమాకి ప్రభువు ఎనిమిది రోజుల తర్వాత కనబడ్డాడు, అందుకని. ఆ పేరు మేం కల్పించింది కాదు. దానికి మేం కలిపింది సంఘం లెక్కల పుస్తకం. తక్కువ ఆదివారం కదా, జనం ఎటూ పలచగా ఉంటారు, ఉన్నవాళ్ళైనా చూస్తారని.

ఈస్టర్ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. కాబట్టి తోమా ఆదివారం దాదాపు ఎప్పుడూ మార్చి 31 దాటాకే, ఆర్థిక సంవత్సరం ముగిసిన వేడిలోనే పడుతుంది. 2027లో ఈస్టర్ మార్చి 28, తోమా ఏప్రిల్ 4. దేవుని ఏర్పాటు అనాలా, చాంద్రమానం అనాలా మీ ఇష్టం.

ఆ రోజు ఆరాధన అయ్యాక బల్ల మీద లెక్కల పుస్తకం, రసీదు పుస్తకాలు, బ్యాంకు పాసుబుక్కు పెడతాం. ఎవరైనా వేలు పెట్టి చూడొచ్చు. మాటవరసకి కాదు, నిజంగానే ఒక్కో అంకె మీద వేలు పెట్టి ‘ఇదేంటి?’ అని అడగాలి. షామియానా అద్దె ఎందుకు పెరిగింది? క్రిస్మస్ కేకుల మిగులు ఎటు పోయింది? కీబోర్డు బాగు చేయించిన డబ్బు రెండుసార్లు ఎందుకుంది? జవాబు చెప్పినాయన ‘అవిశ్వాసివి కాక విశ్వాసివై ఉండు’ అనకూడదు. ఆ మాట అనే హక్కు ఒక్కరికే ఉంది, ఆయన కూడా ముందు గాయాలు చూపించాకే అన్నాడు.

మా అభిప్రాయం అడిగితే, ఈ క్యాలెండర్ మొత్తంలో నవ్వు తక్కువగా, ఉపయోగం ఎక్కువగా ఉన్నది ఇదే. నవ్వుతూ అడిగితే లెక్క చెప్పడం సులువు. కోపంగా అడిగితే సంఘం రెండవుతుంది. చుట్టుపక్కల చీలిన సంఘాలను చూడండి, సిద్ధాంతం మీద చీలినవి ఎన్ని, రసీదు పుస్తకం మీద చీలినవి ఎన్ని.

ఎల్ల ఆదివారం నాడు నడిపిస్తారట. ఎంత దూరం?

ఎల్ల అంటే పొలిమేర, అక్కడిదాకా. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆటోలో రావచ్చు.

ఈస్టర్ తర్వాత అయిదో ఆదివారం ఇంగ్లండు పల్లెల్లో పంటల కోసం ప్రార్థన చేసేవారు. ఆ వారంలోనే పాదిరిగారు, ఊరిజనం కలిసి తమ సంఘం పొలిమేర చుట్టూ నడిచేవారు. పటాలు సరిగా లేని కాలం అది. హద్దు ఎక్కడుందో పిల్లలకు గుర్తుండాలని కర్రలతో హద్దురాళ్ళ మీద కొట్టించేవారు, ఒక్కోసారి పిల్లల్ని ఎత్తి ఆ రాళ్ళకే తగిలించేవారు. నొప్పి మరిచిపోరు కదా.

దీన్ని చదివిన రోజే ఇది మనకోసమే పుట్టిందనుకున్నాం. హద్దులతో మనకున్నంత చుట్టరికం ఎవరికుంది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి, పట్నాన్ని, దానితోపాటు కొన్ని ఊళ్ళను ఇటు, మిగిలినవాటిని అటు వేశారు. అప్పట్నుంచీ మేనమామ ఒక రాష్ట్రంలో, మేనల్లుడు ఒక రాష్ట్రంలో. పాతపట్నంలో పెళ్ళి, పర్లాకిమిడిలో బాప్తిస్మం, టెక్కలిలో ఆసుపత్రి. పైన కోరాపుట్టు కొండల్లో కొఠియా ఊళ్ళనైతే రెండు రాష్ట్రాలూ మావేనంటున్నాయి. ఒకే ఆత్మ కోసం రెండు సంఘాలు అలా పోటీ పడడం మేం చూశాం గానీ, ప్రభుత్వాలు పడడం కొంచెం కొత్తే.

2027లో ఎల్ల ఆదివారం మే 2. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, రాష్ట్రం మారే బోర్డు దాకా నడుస్తాం. అవతలి సంఘం వాళ్ళు అట్నుంచి వస్తారు. బోర్డు దగ్గర ఒక కీర్తన, ఒక్క మాట ప్రార్థన, మజ్జిగ. ఎవర్నీ రాయికేసి కొట్టం. పిల్లలకి చాక్లెట్లిస్తాం, హద్దు గుర్తుండడానికి అదీ పనిచేస్తుంది. అవతలివాళ్ళు ఇటు అడుగుపెట్టి కానుక వేస్తే ఏ సంఘం ఖాతాలో రాయాలన్న వివాదం ఉంది. దాన్ని తోమా ఆదివారానికి వదిలేశాం.

వాడుక భాష ఆదివారం పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? మన ప్రార్థనలు బాగానే ఉన్నాయి కదా.

బాగానే ఉన్నాయి, ఎంత బాగున్నాయంటే, ఇంటి దగ్గర ‘ఏటోయ్, ఎప్పుడొచ్చీసినావు?’ అని పలకరించే మనిషి మైకు ముందు నిలబడగానే ‘మహోన్నతుడవగు మా పరలోకపు తండ్రీ, నీ పాదసన్నిధిని సాగిలపడుచున్నాము’ అంటాడు. దేవుడికి అది నచ్చదని కాదు. కానీ కరెంటు బిల్లు గురించి, అల్లుడి తాగుడు గురించి చెప్పాల్సి వచ్చేసరికి ఆ భాషలో మాటలు దొరక్క, ‘మా అక్కరలన్నియు నీవెరుగుదువు’ అని ముగించేస్తాం. అసలు చెప్పాల్సింది చెప్పకుండానే ఆమేన్.

ఇది పర్లాకిమిడిలో జరగడం మరీ చిత్రం. తెలుగు పుస్తకాలను జనం మాట్లాడే భాషలోకి దించడానికి జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా చేసింది ఈ ఊళ్ళోనే. 1880లో వచ్చారు. కొండల్లోని సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి బడులు పెట్టి, ఆ భాషకు వాచకాలు, నిఘంటువు, వ్యాకరణం రాశారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు, 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. 2027లో ఆగస్టు 29 సరిగ్గా ఆదివారమే. ఇంతకన్నా కలిసొచ్చే రోజు ఏముంటుంది?

ఆ రోజు నియమం ఒక్కటే: ప్రార్థన చేసేవాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. ‘చున్నాము’, ‘యున్నావు’ అన్న ప్రతిసారీ కానుక సంచిలో రూపాయి. మొదటిసారి అనుకున్నదానికన్నా సంచి బరువుగా వచ్చింది. అయితే మా సంఘంలో బాగా పెద్దావిడ ఒకామె లేచి ‘దేవా, మోకాళ్ళు లాగేస్తన్నాయి, కొడుకు సూరత్ నుంచి ఫోన్ సెయ్యట్లేదు, నువ్వే సెప్పు ఆడికి’ అని కూర్చుంది. ఆ తర్వాత కాసేపు ఎవరూ నవ్వలేదు. క్యాలెండర్‌లో పెట్టని సంగతులు కూడా ఇలా జరుగుతుంటాయి.

బైబిల్ చదవడం మాత్రం పాత తెలుగులోనే. దాన్ని మారిస్తే సంఘ పెద్దలు మమ్మల్ని మార్చేస్తారు.

ఒడియా వాళ్ళు, సవర వాళ్ళు వస్తే?

వాళ్ళ వాడుక భాషలో చేస్తారు. రూపాయి నియమం వాళ్ళకి వర్తించదు, మనకి తప్పు పట్టేంత భాష రాదు కాబట్టి.

మార్త ఆదివారం వంట నిజంగా మగవాళ్ళేనా?

నిజంగానే. లూకా పదో అధ్యాయంలో మార్త వంటింట్లో సతమతమవుతుంటే మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింది. ఈ వాక్యం మీద ఏటా ప్రసంగం జరుగుతుంది. అది జరుగుతున్నంతసేపూ వెనక షెడ్డులో మన ఆడవాళ్ళు అన్నం వారుస్తుంటారు. వాళ్ళు దాన్ని ఒక్కసారైనా పూర్తిగా విన్నారా అని అడిగితే పప్పు మాడిపోయిన వాసన వచ్చింది తప్ప జవాబు రాలేదు.

కాబట్టి జూలై ఆఖరి ఆదివారం ఆడవాళ్ళందరూ ముందు కుర్చీల్లో, మగవాళ్ళు వంట దగ్గర. తొలిసారికి దాల్మా సులువని ఎంచుకున్నాం. కందిపప్పు, అరటికాయ, గుమ్మడి, బొప్పాయి, వంకాయ అన్నీ ఒకే గిన్నెలో ఉడికించి, జీలకర్ర ఎండుమిరపకాయ వేయించి పొడి చల్లడమే కదా అని. అందులో ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నదాని మీద ఒడియా అల్లుడుగారికీ సంఘ కార్యదర్శిగారికీ మాటామాటా పెరిగింది. ప్రసంగం వినబడకుండా పోయేంతగా. లోపల కూర్చున్నవాళ్ళు మాత్రం చాలా శాంతిగా విన్నామన్నారు.

గిన్నెలు తోమడం కూడా మగవాళ్ళ వంతే. ఈ వాక్యం చిన్న అక్షరాల్లో ఉందని ఫిర్యాదు వచ్చింది. ఈసారి పెద్ద అక్షరాల్లో వేశాం.

నోవహు ఆదివారం?

జలప్రళయంలో ఓడ కట్టిన నోవహు పేరున, వానలు దిగాక మొదటి ఆదివారం. కప్పు ఎక్కడ కారుతుందో గుర్తించి బకెట్లు పెట్టే ఆదివారం. పోయినేడు మారిపోయిన గొడుగులు తిరిగివ్వొచ్చు, ఎవరూ ఏమీ అడగరు.

బిలాము గాడిద ఆదివారం ఎవరికి?

మైకు ఆపరేటర్‌కి. ఏడాది పొడుగునా అందరి తిట్లూ తినేది ఆ కుర్రాడే. అయ్యగారు మాట్లాడుతుంటే కూసిందంటాం, ఆగిపోయిందంటాం. సంఖ్యాకాండంలో గాడిద దారిలో దేవదూతను చూసి ఆగితే బిలాము కర్రతో కొట్టాడు. తీరా దానికి మాట వచ్చాక తెలిసింది తప్పెవరిదో. ఆ ఆదివారం మైకు అతని చేతికిస్తాం, అయిదు నిమిషాలు. పోయినసారి చెప్పింది ఇదీ: మైకును నోటికి ఆనించకండి, ఊదకండి, దాని మీద తట్టి ‘హలో హలో’ అనకండి. సంఘం చప్పట్లు కొట్టింది. తర్వాత వచ్చినాయన మైకు అందుకుని మూడుసార్లు తట్టాడు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళకి కూడా ఒక ఆదివారం ఉందంట. అది ప్రోత్సహించడం కాదా?

ద్రాక్షతోట ఆదివారం. సాయంత్రం ఇంకో గంటలో పని ముగుస్తుందనగా వచ్చిన కూలికీ, పొద్దున్నే వచ్చిన కూలికీ ఒకే దేనారము ఇచ్చిన యజమాని కథ. ఆ రోజు ఆశీర్వాదం సమయానికి వచ్చినవాళ్ళకీ పొద్దున తాళం తీసినవాళ్ళకీ ఒకే కొలత టిఫిను. ముందొచ్చినవాళ్ళు సణగాలి. సణగడం కథలో ఉంది కాబట్టి దానికి అనుమతి ఉంది.

ఆలస్యం మన వైపు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు, 1931లో గుణుపురం దాకా సాగింది. 2004లో ఆగే వరకు అది నడిచిన తీరు తెలిసినవాళ్ళు, ‘రైలు లేటు’ అన్న మాటను ఎవరూ సాకుగా లెక్కపెట్టేవారు కాదని చెబుతారు. 2011లో పెద్ద లైను వచ్చాక ఆ సాకూ పోయింది. ఆలస్యం మాత్రం అలాగే ఉంది.

ఈ ఆదివారాలకు రంగులేంటి?

ఐతుకుకి తెల్ల తువ్వాలు. నోవహుకి బూజు పట్టిన గోడ రంగు. మార్తకి పసుపు మరక. తోమాకి ఎర్ర సిరా. మిగతావాటికి బల్ల మీద ఏ గుడ్డ ఉంటే అదే.

ఏప్రిల్ 1 ఆదివారమైతే ఏం చేస్తారు?

ఇది మంచి ప్రశ్న. 2018లో ఏప్రిల్ 1నే ఈస్టర్ వచ్చింది, 2029లో మళ్ళీ వస్తుంది, 2040లోనూ. ఆ రోజు ఒడిశా అవతరణ దినం. లోకానికి వెర్రివాళ్ళ దినం. మనకి పునరుత్థానం. సమాధి ఖాళీగా ఉందని ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెబితే శిష్యులు వెర్రిమాటలని కొట్టిపారేశారని లూకానే రాశాడు. దానికి మేం కలపగలిగేది ఏమీ లేదు. ఆ ఏడాది ఆ ఆదివారాన్ని వదిలేస్తాం.

ఏడాదికి 53 ఆదివారాలు వస్తే?

2028లో వస్తాయి. లీపు సంవత్సరం శనివారంతో మొదలవుతుంది కాబట్టి. అదనంగా వచ్చిన ఆ ఒక్కదానికి పేరు పెట్టొద్దని తీర్మానించాం. అన్నిటికీ పేరు పెడితే ఇక మామూలు ఆదివారం ఎక్కడుంటుంది? పాత సంఘాలు కూడా ఏడాదిలో సగానికి పైగా పచ్చ గుడ్డ పరిచి సాధారణ కాలం అని వదిలేస్తాయి. అది తెలివైన పని.

శ్రమల దినాల్లో కూడా నవ్వులేనా?

లేదు. మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ దాకా క్యాలెండర్ మూసేసి ఉంటుంది. ఆ వారంలో మట్టలతో పిల్లలు కత్తియుద్ధం చేస్తే మాత్రం మేం చూడనట్టు ఉంటాం.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాం, అడిగినవాళ్ళు తక్కువే అయినా. మనం నవ్వేది మన మీదే. పక్కింటివాళ్ళ రథయాత్ర మీద, వాళ్ళ ఉపవాసం మీద, ఇంకో సంఘం వాళ్ళు ఆత్మావేశంతో తెలియని భాషల్లో మాట్లాడడం మీద ఆదివారాలు కల్పించి పంపారు కొందరు. చించేశాం. కంధమాల్ మనకు దూరం కాదు, 2008లో అక్కడ క్రైస్తవుల మీద జరిగిన దాడులను ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఎదుటివాడి దేవుడి మీద వేసిన జోకు ఏ వీధి చివర ఆగుతుందో చెప్పలేం. అలాగే పేదవాళ్ళ మీద, నత్తి ఉన్నవాళ్ళ మీద, పిల్లలు లేనివాళ్ళ మీద ఏమీ తీసుకోం. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే శారా నవ్వింది కదా అంటారు. ఆవిడ తన మీద తాను నవ్వుకుంది, అది వేరు.

మా పాస్టరయ్యగారు ఒప్పుకోరు. ఏం చెప్పాలి?

ముందు అమ్మగారికి చెప్పండి. మార్త ఆదివారంతో మొదలుపెట్టండి. మిగతాది అమ్మగారు చూసుకుంటారు.

కానుకలు పెరిగాయా?

లేదు. టిఫిను ఖర్చు పెరిగింది.

నా దగ్గరో ఆదివారం ఉంది. ఎవరికి ఇవ్వాలి?

కాగితం మీద రాసి గుమ్మం పక్కన పెట్టెలో వేయండి. వాక్యంలో ఆధారం ఉండాలి, డబ్బు ఖర్చు కాకూడదు, ఆరాధన పది నిమిషాలకు మించి పొడిగించకూడదు. ‘ప్రసంగం లేని ఆదివారం’ అని రాసి వేయకండి, అది ప్రతి నెలా వస్తోంది. చేతిరాత చూస్తే ఒకే మనిషిదిలా ఉంది, ఆ మనిషి పెద్దల వరసలో కూర్చునే మనిషిలా ఉంది.

రూతు, నయోమి పేరున అత్తాకోడళ్ళ ఆదివారం పెట్టాలని కోడళ్ళందరూ కలిసి ఒక కాగితం వేశారు. ఆ రోజు అత్తగార్లు కోడళ్ళ గురించి ఒక మంచిమాట సాక్ష్యంగా చెప్పాలట. అది తెలిసి అత్తగార్లు ఇంకో కాగితం వేశారు, ముందు కోడళ్ళే మొదలుపెట్టాలని. రెండూ ప్రస్తుతం స్త్రీల సమాజం పరిశీలనలో ఉన్నాయి. అధ్యక్షురాలు ఒక అత్తగారు, కార్యదర్శి ఆవిడ కోడలే. తేదీ ఖరారైతే బోర్డు మీద పెడతాం.